మింగని తేనె

తేనె గదిలోకి పొద్దుటి వెలుతురు కిటికీలోంచి వచ్చినట్టుండదు. గోడ వారగా పెట్టిన గాజు సీసాల్లోంచి వచ్చినట్టుంటుంది. గుమ్మం దగ్గర పసుపుగా మొదలై, లోపలి మూలకు చేరేసరికి ఎర్రబడి, నల్లబడి ఆగిపోతుంది. నేల ఎంత కడిగినా కాలికి కాస్త అంటుకుంటూనే ఉంటుంది. నడిచినప్పుడల్లా చెప్పుల అడుగున ముద్దు పెట్టినట్టు చిన్న చప్పుడు వస్తుంది. కొన్నాళ్లు పనిచేస్తే ఆ చప్పుడు ఇక వినిపించదు.

ఆ గదిలో మధ్య బల్ల దగ్గర నిలబడే మనిషిని అందరూ నాలుకయ్య అంటారు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ దాన్ని ఎవరూ వాడరు. చుట్టుపక్కల తోటల్లో పెట్టెలు పెట్టుకుని తేనెటీగలను పెంచేవాళ్లు పీపాల్లో తేనె తెస్తారు. ఏ పీపా ఏ పూలది, దేన్ని తొందరపడి పచ్చిగా తీశారు, దేంట్లో పంచదార పాకం కలిపారు, దేన్ని దేనితో కలిపితే సీసాలో కుదురుగా ఉంటుంది, ఇవన్నీ చెప్పేది నాలుకయ్యే. మూత తీసి, కర్రతో కలిపి, చిన్న కప్పులోకి వంపుకుంటాడు. చెంచాతో నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంటాడు. అతను కళ్లు తెరిచేదాకా పీపా తెచ్చినవాడు ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

ఆ కాసేపూ నాలుకయ్యకు గది ఉండదు. ఆవపూల తేనె అయితే ముక్కు పక్కన చిన్న ఘాటు, దాని వెనక తడిసిన మట్టి. పొద్దుతిరుగుడుది అయితే ఎండలో ఆరేసి తెచ్చిన దుప్పటి. నిమ్మపూల తేనె నాలుక అంచున నిలబడి, లోపలికి రానా వద్దా అని అడుగుతున్నట్టుంటుంది. ఇదంతా నాలుకకు తెలిసేది. అసలు సంగతి తేనె గొంతు దిగాకే తెలుస్తుందని అతని నమ్మకం. మింగాక, ఊపిరి వదిలేటప్పుడు, లోపలినుంచి ఏదో ఒకటి వెనక్కి వస్తుంది. దానికోసమే అతను కళ్లు మూసుకునేది.

పని నేర్పింది తండ్రి. నేర్పింది తక్కువ, వద్దన్నది ఎక్కువ. కప్పులోకి తీసింది మళ్లీ పీపాలో పోయకూడదు, చెంచా తగిలింది కనుక ఎంగిలి. పారబోయకూడదు, అది ఈగల కష్టం. ఇక ఉమ్మడమనే మాటే ఆ గదిలో లేదు. ఒకసారి ఎవరో కొత్తగా చేరినవాడు నోట్లోని తేనెను తలుపు పక్కన ఉమ్మేశాడు. తండ్రి వాణ్ణి ఒక్క మాట అనలేదు. బకెట్టుతో నీళ్లు తెచ్చి ఆ చోటు తనే కడిగాడు. ఆ మనిషి మర్నాడు పనికి రాలేదు.

అందుకని కప్పుల్లో మిగిలిందంతా నాలుకయ్య తాగేవాడు. పూలు విరగబూసే రోజుల్లో పీపాలు వాకిలి దాటి రోడ్డుదాకా ఉండేవి. తాగలేనంత మిగిలితే ఒక సీసాలో పోసి, మైనం కరిగించే తొట్టి వెనక పెట్టుకునేవాడు. సాయంత్రం అందరూ వెళ్లాక ఆ సీసా తీసి, గోడకు చేరగిలబడి, కాళ్లు చాపుకుని కూర్చునేవాడు. అన్ని పూలూ కలిసిపోయిన తేనె. పగలంతా నాలుక తిరిగిన తోటలన్నీ ఒక్క గుక్కలో మళ్లీ ఎదురొచ్చేవి. ఒక తోటలోంచి ఇంకో తోటలోకి గోడలు లేకుండా నడిచినట్టుండేది. తేనె తాగితే మంచిదేగా అనుకునేవాడు. అది కాదనేవాళ్లు అతనికెవరూ తారసపడలేదు.

తేనె గదిలో పనిచేసేవాళ్లకు ఏడాదికోసారి రక్తపరీక్ష చేయిస్తారు. ఈసారి అందరి కాగితాలూ పనిచేసే చోటికే వచ్చాయి, నాలుకయ్యను మాత్రం ఆస్పత్రికి రమ్మన్నారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట నెమ్మది. కాగితం మీద రెండు చోట్ల గీత గీసి, లివర్ లోపల ఉండాల్సిన ఎంజైములు రక్తంలో ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పింది. మందు తాగుతారా అని అడిగింది. లేదన్నాడు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ అయినా, అంది. ఎన్నడూ లేదన్నాడు. ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, పొట్టకు స్కానింగ్ రాసి, అది తీయించుకుని మళ్లీ రమ్మంది. నిజం చెప్పిన మనిషికే తను అబద్ధమాడానేమో అనిపించే చూపు అది.

ఆరోజు అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది బావమరిది. తోటలనుంచి పీపాలు తెచ్చే వ్యాను అతనిదే. కాగితం అడిగి తీసుకుని, స్టీరింగు మీద పరుచుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. లివర్ అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"ఎంత గుంభన మనిషివి బావా నువ్వు," అన్నాడు. "ఇన్నేళ్లు పక్కనే కూర్చున్నాను. ఒక్క పూటయినా నాకో గ్లాసు ఇచ్చావా?"

తనకు ఆ అలవాటే లేదని నాలుకయ్య చెప్పాడు.

"తాగనివాడి లివరు తాగినవాడి లివరులా ఎందుకుంటుంది? పక్కింటివాడు తాగితే నీకెక్కిందా?"

దారి పొడుగునా అదే నవ్వు. ఆ నవ్వులో విషం లేదు, అతను అన్నిటికీ నవ్వే మనిషి. ఇల్లు చేరగానే అదే మాట తన అక్క, నాలుకయ్య భార్య చెవిన కూడా వేసి వెళ్లాడు. ఆమె నవ్వలేదు.

ఆ అక్కాతమ్ముళ్ల తండ్రి తాగి తాగి, చివరికి కళ్లు పచ్చబడి పోయాడు. తమ్ముడు దాన్ని నవ్వు కింద పెట్టి మూత పెట్టేశాడు. ఆమెకు అలాంటి మూత దొరకలేదు. సంబంధాలు చూసేటప్పుడు చదువు అడగలేదు, ఇల్లు ఎంతుందని అడగలేదు, తాగుతాడా అని మాత్రం అడిగింది. నాలుకయ్య తాగడని పదిమందీ చెప్పాకే తలూపింది.

ఆ పూట అన్నం వడ్డించి, తను తినకుండా, గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. తరువాతి రోజుల్లో ఇంట్లో వెతుకులాట మొదలైంది. బియ్యం డబ్బా జరిగిన చోట జరిగినట్టే ఉండేది, అటక మీది పాత ట్రంకు మీద దుమ్ములో వేళ్ల గుర్తులుండేవి. అతను కునుకు తీస్తుంటే మొహం దగ్గరికి వంగి వాసన చూసేది. తేనె వాసనే వచ్చేది. ఆ ఇంట్లో దిండ్లకూ అదే వాసన గనుక ఆమెకు ధైర్యం చిక్కేది కాదు. అతనికి ఇదంతా తెలుస్తూనే ఉంది. చేయని తప్పుకు సంజాయిషీ ఏమిటని తన పనికి తను పోయేవాడు.

ఒక సాయంత్రం అతను పెరట్లో కర్రలు కడిగి, తేనె గదిలోకి వచ్చేసరికి భార్య మైనం తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో సీసా. కిటికీలోంచి వాలిన పొద్దు సీసాలోంచి దూరి ఆమె చేతుల మీద కాషాయం రంగు మడుగు కట్టింది. ఎంతసేపట్నించి కూర్చుందో గానీ మూత తీయలేదు.

"మీరే తీయండి," అంది.

తీశాడు. ఆ ఏడాది పూసిన పూలన్నీ గదిలోకి వచ్చి నిలబడ్డట్టయింది. ఆమె వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక, తొట్టికి ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అతనూ ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వి నవ్వి చేతి వెనకతో కళ్లు తుడుచుకుంటూ, రోజూ తాగుతారా అని అడిగింది. పూల రోజుల్లో రోజూ అన్నాడు. ఎంత అని అడిగింది. అతను సీసా మీద వేలు అడ్డంగా పెట్టి, ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా అని చూపించాడు.

ఆమె ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు.

"మా నాన్న కూడా ఇలాగే వేలు పెట్టి చూపించేవాడండీ," అంది.

స్కానింగ్ కాగితంతో ఆస్పత్రికి ఈసారి ఇద్దరూ వెళ్లారు. సంచిలో సీసా కూడా తీసుకెళ్లింది ఆమే. డాక్టరమ్మ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. మొదటిసారి అలా అడిగినందుకు ఏమీ అనుకోవద్దంది. తరువాత తీరిగ్గా చెప్పింది. తేనె విషమేం కాదు. కానీ తీపి ఏ రూపంలో వచ్చినా, ఒంటికి ఖర్చు కానిదాన్ని లివర్ కొవ్వు చేసి దాచుకుంటుంది. దాచుకునే చోటు ఇరుకైతే కణాలు దెబ్బతిని, లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. అతని లివర్‌లో కొవ్వు పేరుకుంది. మందు తాగేవాళ్లకే ఇలా అవుతుందనుకుంటారు గానీ, తాగనివాళ్లలోనూ చాలామందికి అవుతుంది.

ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగింది. అమ్మకు ఉండేదన్నాడు. డాక్టరమ్మ తలూపి, రక్తంలో షుగర్ చూపించిన అంకె దగ్గర పెన్ను పెట్టింది. అది ఇంకా హద్దు లోపలే ఉంది, అంచుకు దగ్గరగా.

"వచ్చిందని కాదండీ నేననేది," అంది. "ఈ ఎంజైములు ఇలా పెరిగినవాళ్లలో, కొన్నేళ్లకి షుగర్ వచ్చేవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ. మీకు వస్తుందనీ చెప్పలేను, రాదనీ చెప్పలేను. ముందుగా తెలిసింది కాబట్టి, మళ్లించే వీలుంది."

తీపి తగ్గించాలి, నడవాలి, పొట్ట తగ్గాలి, కొన్ని నెలల తరువాత మళ్లీ పరీక్ష. ఇప్పటికి మాత్రలు అక్కర్లేదంది. నాలుకయ్య వింటూ తన చెప్పులకేసి చూస్తున్నాడు.

అమ్మ ఒకరోజు బజారునుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది ఎక్కడ ఊడిందో ఆమెకు తెలియలేదు. ఆ పాదానికి నేల తెలియడం మానేసి చాన్నాళ్లయిందట, ఎవరికీ చెప్పలేదు. అప్పుడతను దారంట వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాడు. రోడ్డు పక్కన చెప్పు నిటారుగా ఉంది, అందులో ఎవరో నిలబడి వ్యాను కోసం చూస్తున్నట్టు. ఆ తరువాత అమ్మ పాదానికి జరిగినవాటికంటే, మనిషి లేకుండా నిలబడ్డ ఆ చెప్పే అతనికి ఎక్కువగా గుర్తుండిపోయింది.

తిరుగు దారిలో డాక్టరమ్మ మాట అతనికి తన భాషలో అర్థమైంది. తేనె పెట్టె పైకి బాగానే ఉంటుంది. ఈగలు వస్తుంటాయి, పోతుంటాయి. ఒకరోజు పెట్టె అడుగున చిన్న చెమ్మ కనిపిస్తుంది. వేలు పెడితే జిగురు. లోపల ఎక్కడో తుట్టె విరిగిందన్నమాట. మూత తీసి చూడకుండానే తెలిసిపోతుంది. ఆ చెమ్మను చూసీ చూడనట్టు పోయినవాడి పెట్టెకు ముందు చీమలు పడతాయి.

ఆ మధ్యాహ్నం నిద్రలో, కుడిపక్క డొక్క కింద తనకొక పెట్టె ఉంది. చెవి ఆనిస్తే లోపల ఈగలు ఉన్నాయి. గోల లేదు, కోపం లేదు, సన్నగా ఏదో చెప్పుకుంటున్నాయి. వాటికి ఇంకా తీపి వచ్చి పడుతోంది, పెట్టే చోటు లేదు, గోడలకు పూస్తున్నాయి, దారుల్లో పోస్తున్నాయి. చాలు అని చెబుదామనుకుంటే నోటినిండా తేనె. మెలకువ వచ్చాక పాదాలు ఒకదానికొకటి రాసుకుని చూసుకున్నాడు. తెలుస్తున్నాయి.

సీసా పెట్టడం మానేశాడు. అది తేలిగ్గానే పోయింది. పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచేవాడు. బావమరిది వ్యాను పక్కనుంచి పోనిస్తూ, ఎక్కమన్నా ఎక్కకూడదు బావా, అక్క చంపుతుంది, అని కిటికీలోంచి కేకేసి దుమ్ము లేపి పోయేవాడు. పూలు లేని నెలలు గనుక పీపాలు రాలేదు. చిక్కంతా పూలు వచ్చాకే.

ఆవ పూసింది. పొలాలు పసుపుపచ్చగా మారిన రోజున మొదటి పీపా దిగింది. నాలుకయ్య మూత తీసి, కలిపి, చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చెప్పాల్సింది చెప్పింది. ఇక మింగాలి. మింగితే ఒక్క చెంచాయే, కానీ వెనక రోడ్డుదాకా పీపాలున్నాయి, కప్పులో మిగులుంది, సాయంత్రముంది, పూల కాలమంతా ఉంది. ఉమ్మడానికి గుమ్మందాకా వెళ్లాడు. తండ్రి కడిగిన చోటు అక్కడే ఉంది. నోట్లో తేనె కరిగి పల్చబడుతోంది. పీపా తెచ్చినవాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నాలుకయ్య మింగేశాడు. పీపా మంచిదేనని చెప్పి, ఒంట్లో బాగాలేదని మిగతావాటిని ఆపించి ఇంటికి వెళ్లిపోయాడు.

పెరట్లో భార్య తేనె పెట్టెల్లోంచి తీసిన పాత చట్రాల మీది మైనం గీకుతోంది. అతను తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. పని మానేస్తానన్నాడు. ఉమ్మితే ఆ గదిలో నిలబడలేనన్నాడు. మింగితే అమ్మ దారేనన్నాడు. నాలుకో, కాళ్లో, ఒకటే ఉంచుకోవాలన్నాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడటం ఆమె అరుదుగా విన్నది. కత్తి ఆపకుండానే, పని మానేసి ఏం చేస్తారని అడిగింది. ఏమో అన్నాడు. ఇది కాకుండా తనకు వచ్చింది ఏదీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆమె చేతిలోని చట్రం మీదికి ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి వాలింది. పాత గడుల్లో తడి కోసం వెతుకుతోంది. ఆమె గీకడం ఆపి దాన్నే చూసింది.

"ఇది పూవు దగ్గర తాగింది మింగేస్తుందా?" అంది.

మింగదన్నాడు. తేనెకు దానికి వేరే సంచి ఉంటుంది, అందులో మోసుకొస్తుంది అన్నాడు.

"తెచ్చి ఏం చేస్తుంది?"

ఇంట్లో ఉన్న ఈగ నోటికి అందిస్తుంది, అది ఇంకోదానికి ఇస్తుంది, అలా నోళ్లు మారి మారి చిక్కబడ్డాక గడిలో పోస్తాయి. చిన్నప్పుడు తండ్రి చెప్పినట్టే, వరసగా చెప్పుకుపోతున్నవాడు, చివరి మాట దగ్గర ఆగిపోయాడు.

"మరి ఉమ్మిందేగా అదంతా," అంది భార్య. "అన్ని నోళ్ల ఎంగిలి మీరు కళ్లు మూసుకుని మింగుతారు. మీరు ఒక్కసారి ఉమ్మితే మైలపడుతుందా? అదే మింగేసి కూర్చునుంటే మీకు పీపా ఎక్కడిది?"

ఈగ చట్రం అంచుదాకా నడిచి, రెక్కలు సర్దుకుని లేచిపోయింది. నాలుకయ్య అది గోడ దాటి పోయినవైపే చూస్తూ కూర్చున్నాడు. పుట్టినప్పటినుంచీ వాటి మధ్యనే ఉన్నాడు. అవి మోస్తాయి, అందిస్తాయి, తమ ఆకలికి కావలసినంతే తీసుకుంటాయి. ఆ గదిలో మింగినవాడు తనొక్కడే అనిపించింది.

మర్నాడు ఆమె కూడా తేనె గదికి వచ్చింది. చేతిలో మూత ఉన్న స్టీలు చెంబు, అందులో సగానికి నీళ్లు. మూత ఎందుకని పీపాలవాడు అడిగితే, మూత లేకపోతే మీ ఈగలన్నీ ఇక్కడే కాపురం పెడతాయి అంది. నాలుకయ్య చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి చెంబు కోసం చెయ్యి చాచాడు. ఉమ్మాడు. ఆమె మూత వేసింది. గదిలో ఏమీ జరగలేదు. సీసాల్లోంచి వెలుతురు ఎప్పటిలాగే వస్తోంది. కప్పులో మిగలకుండా, ఇకనుంచి చెంచాతోనే తీయడం మొదలుపెట్టాడు.

కానీ గొంతు చెప్పే మాట రాలేదు. ఊపిరి వదిలితే ఖాళీ ఊపిరే వచ్చింది. చాలా పీపాలకు అది లేకపోయినా నాలుక చాలింది. ఒక్క అడవిపూల పీపా దగ్గర మాత్రం చిక్కుపడింది. తీపి సరిగ్గానే ఉంది, ఏదో వెనక దాక్కుని ఉంది. చెంచా కొసన ఒక్క చుక్క తీసి భార్యకు ఇచ్చి, మింగి చెప్పమన్నాడు.

ఆమె మింగి, తియ్యగా ఉందంది.

"తేనె తియ్యగా ఉంటుందని చెప్పడానికి మనిషి కావాలా?" అన్నాడు.

"ఉన్నమాటేగా చెప్పాను."

మింగాక ఊపిరి వదలమన్నాడు, కళ్లు మూసుకోమన్నాడు, తొందరలేదన్నాడు. ఆమె మళ్లీ ఒక చుక్క వేసుకుని కళ్లు మూసుకుంది. ఈసారి ఊపిరి బిగబట్టి నిలబడ్డది నాలుకయ్య. ఆమె కళ్ల రెప్పల కింద ఏదో కదులుతోంది. తను ఇన్నేళ్లూ వెళ్లి వచ్చిన చోటుకు ఆమె వెళుతోందని అతనికి తెలిసింది. తను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాస్త నొప్పిగానే అనిపించింది.

"వాన రాబోయే ముందు గాలిలా ఉంది," అంది ఆమె కళ్లు తెరవకుండానే. "చివర్లో కొంచెం చేదు. ఆకు నలిపిన చేదు."

నాలుకయ్య ఆ పీపాను దేనితోనూ కలపకూడదని పక్కకు దొర్లించి, వేరుగా పెట్టాడు.

కొన్ని నెలల తరువాత చేసిన పరీక్షలో ఎంజైములు దిగాయి. ఉండాల్సినచోటికి ఇంకా రాలేదు. షుగర్ ఉన్నచోటే ఉంది. ఇప్పటికి ఇది మంచి కబురేనని, మళ్లీ చూద్దామని డాక్టరమ్మ అంది. ఎప్పటికీ రాదా అని భార్య అడిగితే, ఆ హామీ ఎవరికీ ఇవ్వలేనంది. బావమరిది ఆ కాగితం కూడా అడిగి తీసుకుని చదివి, బావ మందు మానేశాడోచ్ అని వ్యాను ఎక్కినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక నాలుకయ్య గోడకు చేరగిలబడి, ఎప్పటిలా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చేతిలో సీసా లేదు. మైనం తొట్టి చల్లారుతూ చిటుకుమంటోంది. కాసేపు కూర్చుని, లేచి, చెప్పులు విడిచి గుమ్మం పక్కన జతగా పెట్టాడు. ఉత్తి కాళ్లతో గదిలో ఆ చివరనుంచి ఈ చివరకు నెమ్మదిగా నడిచాడు. అడుగు వేసినప్పుడల్లా నేల పాదాన్ని కాస్త పట్టుకుని, మళ్లీ వదిలిపెట్టింది.